ఆపరేషన్ తర్వాతి ఆరు వారాలు



ప్రతి ఏడాదీ ఈ సంచికలో మన సొసైటీ చేసిన పనుల వివరాలు మీ ముందుంచుతున్నాం. ఈసారి మేము చేయకుండా వదిలేసిన ఒక పని గురించి రాస్తున్నాం. అది చదివాక మీ సాయం ఎక్కడెక్కడ అవసరమో మీకే తెలుస్తుందని మా నమ్మకం.

ముందటి ఏడాది రమజాన్‌లో మీరిచ్చిన జకాత్ నుంచి ఒక సోదరికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించాం. ఆమె ఇంట్లో కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతుంది. భర్త తోపుడుబండి మీద పండ్లు అమ్ముతాడు. ముగ్గురు పిల్లలు. ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో రోజున ఇంటికి పంపారు. మేము ఆస్పత్రి బిల్లు కట్టి, రసీదు ఫైలులో పెట్టి, అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకున్నాం. వార్షిక నివేదికలో అది ఒక వరుసగా చేరింది. మా దృష్టిలో ఆ పని అయిపోయింది.

పది నెలల తర్వాత ఆమె భర్త మళ్ళీ ఆఫీసుకు వచ్చాడు. మెడ దగ్గర, కాలర్ ఎముక పైన గడ్డలు కనిపించాయట. ఆపరేషన్ తర్వాత ఏ మందులు వాడారని అడిగాం. "గడ్డ తీసేశారు కదా సాబ్, ఇంకా మందులేమిటి? గాయం మానింది, ఆమె పని చేసుకుంటోంది" అన్నాడు. పాత ఫైలు తీసి చూశాం. డిశ్చార్జి కాగితం నకలు అందులోనే ఉంది. రెండో పేజీ చివర ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. బయాప్సీ రిపోర్టు తీసుకుని మూడు వారాల్లో మెడికల్ ఆంకాలజిస్టును కలవాలని దాని అర్థం. ఆయనకు ఇంగ్లీషు రాదు. మాకు వచ్చు. కానీ మేము బిల్లు మొత్తం చూశాం గాని ఆ వాక్యం చదవలేదు.

సమయానికి చికిత్స మొదలుపెట్టి ఉంటే జబ్బు తప్పకుండా తిరిగి వచ్చేది కాదని ఏ డాక్టరూ చెప్పలేరు. మేమూ చెప్పం. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. కానీ ఆమెకు దక్కవలసిన ఒక అవకాశం దక్కకుండా పోయింది, అందులో మా అజాగ్రత్తకూ పాలు ఉంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం. "ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు, రాయండి" అని ఆమే చెప్పింది.

కత్తి చేరలేని చోటు

గడ్డ మొత్తం తీసేశాక మళ్ళీ మందులెందుకు? ఈ ప్రశ్న ఆ సోదరుడిదే కాదు, చదువుకున్న ఇళ్ళలోనూ వింటున్నాం.

ఒకప్పుడు వైద్యులూ ఇలాగే ఆలోచించారు. 19వ శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలు అన్నది అప్పటి నమ్మకం. దశాబ్దాల తరబడి అదే సాగింది. అయినా చాలామందిలో కొన్నేళ్ళకు ఎముకల్లోనో, కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో జబ్బు మళ్ళీ బయటపడేది. ఆపరేషన్ సరిగ్గా చేయకపోవడం దీనికి కారణం కాదు. గడ్డ బయటపడే నాటికే కొన్ని కణాలు రక్తంలోనో, రసనాళాల్లోనో ప్రయాణించి వేరే చోట చేరి ఉండవచ్చు. అవి స్కానింగులో కనిపించనంత చిన్నవి. కత్తి అక్కడికి చేరలేదు. రక్తంతో పాటు ఒళ్ళంతా తిరిగే మందు చేరగలదు.

ఈ ఆలోచనను పరీక్షకు పెట్టినవారిలో ఇద్దరు ముఖ్యులు. పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌లో జాన్ని బొనడొన్నా. ఫిషర్ బృందం 1975లో, బొనడొన్నా బృందం 1976లో తమ ఫలితాలు ప్రకటించాయి. చంక గ్రంథులకు జబ్బు పాకిన స్త్రీలలో కొందరికి ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మందు తీసుకున్నవారిలో జబ్బు తిరిగి రావడం తగ్గింది. ఆపరేషన్ తర్వాత చేసే ఈ వైద్యాన్ని ఆంకాలజిస్టులు అడ్జువెంట్ చికిత్స అంటారు. మన మాటల్లో తోడు చికిత్స అనుకోవచ్చు.

పొలం ఉదాహరణ చెబితే మన ఇళ్ళలో త్వరగా అర్థమవుతుంది. కలుపు మొక్కను వేళ్ళతో పీకాం. నేల శుభ్రంగా కనిపిస్తోంది. కానీ రాలిన గింజలు మట్టిలో ఉన్నాయో లేవో కంటికి తెలియదు. అవి మొలకెత్తకముందే చేసే పని ఇది.

ఎవరికి ఏ చికిత్స

అందరికీ కీమో అవసరం ఉండదు. కొందరికి ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తారు. ఎవరికి ఏది అన్నది తేల్చేది ఆపరేషన్‌లో తీసిన కణజాలం మీద ల్యాబ్ ఇచ్చే రిపోర్టు. వాడుకలో దాన్ని బయాప్సీ రిపోర్టు అంటున్నాం. గడ్డ ఎంత ఉంది, అంచుల్లో జబ్బు మిగిలిందా, ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటికి పాకింది అన్నవి అందులో ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పరీక్షల ఫలితాలు తప్పక ఉండాలి.

ఈఆర్ గాని పీఆర్ గాని పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. టామోక్సిఫెన్ రోజుకు ఒక్క మాత్ర. ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు వాడాలి. ఈఆర్ పాజిటివ్ ఉన్నవారు ఐదేళ్ళు సరిగ్గా వాడితే రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. నెలసరి ఆగిన స్త్రీలకు లెట్రోజోల్ వంటి మాత్రలు ఇస్తారు. ఇవి ఖరీదైన మందులు కావు. అయినా ఒళ్ళు బాగుందని రెండో ఏడాదికే మానేసేవారు ఉన్నారు. మాత్రల పట్టీ అయిపోయిన రోజున కొత్త పట్టీ ఇంట్లో ఉండేలా చూడటం కూడా వైద్య సహాయమే.

హెర్-2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజక్షన్‌ను సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. మన దేశంలో తయారయ్యే రకాలు వచ్చాక ధర తగ్గింది గాని, పేద కుటుంబానికి అది ఇప్పటికీ మోయలేని బరువే.

మన పట్టణాల్లో గుట్కా, ఖైనీ, జర్దా పాన్ వల్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా చూస్తున్నాం. దీనిలో ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ పడుతుంది. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు రోజూ ఆస్పత్రికి వెళ్ళాలి. రిపోర్టును బట్టి కొందరికి దానితో పాటు కీమో కూడా ఇస్తారు.

గడియారం ఎప్పటి నుంచి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోమంటే ఇదే చెబుతాం. ఆపరేషన్ జరిగిన రోజు నుంచే గడియారం తిరుగుతుంది.

నోటి క్యాన్సర్‌లో రేడియేషన్ ఆపరేషన్ జరిగిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలన్నది నియమం. పెద్దపేగు క్యాన్సర్‌లో కీమో అవసరమైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెడతారు. రొమ్ము క్యాన్సర్‌లో గాయం మానిన వెంటనే, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలవుతుంది. మూడు నెలలు దాటితే దాని ప్రయోజనం తగ్గుతుందని అధ్యయనాల్లో కనిపించింది. ఆలస్యమైనవారు ఇక వెళ్ళడం దండగ అనుకోకూడదు. ఆలస్యంగానైనా డాక్టర్ను కలవడమే మంచిది.

ఆరు వారాలు చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. బయాప్సీ రిపోర్టుకు వారం పది రోజులు. హెర్-2 ఫలితం అనుమానంగా వస్తే ఇంకో పరీక్షకు మరికొన్ని రోజులు. డ్రెయిన్ గొట్టం తీసి, కుట్లు విప్పేసరికి మూడో వారం. కీమోకు ముందు రక్తపరీక్షలు, కిడ్నీ, కాలేయ పరీక్షలు, గుండెకు ఎకో చేయాలి. నోటి రేడియేషన్‌కు ముందు పళ్ళ డాక్టర్ చూసి, పుచ్చిపోయిన పళ్ళు తీసేస్తే ఆ గాయం మానడానికి కొన్ని రోజులు. ప్రభుత్వ పథకం కింద అనుమతికి మరికొన్ని రోజులు. అప్పటికి ఆరు వారాలు గడిచిపోతాయి. మధ్యలో ఎవరో ఒకరు తోసుకుంటూ పోతేనే పని జరుగుతుంది. పేద ఇంట్లో ఆ తోసే మనిషే ఉండడు.

ఎందుకు ఆగిపోతారు

ఆ ఘటన తర్వాత మేము పాత ఫైళ్ళు తీసి ఇంటింటికీ వెళ్ళాం. చికిత్స మధ్యలో వదిలినవారు చెప్పిన కారణాలు ఇవి.

మొదటిది మొహమాటం. "ఒకసారి ఇచ్చారు కదా, మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని అడగాలి?" ఈ మాట మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది. అడగవలసిన అవసరం రాకుండా ముందే చెప్పాల్సినది మేము.

రెండోది పథకం ఇవ్వని ఖర్చు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 1955 నుంచి పేదలకు సేవ చేస్తున్న ఆ ఆస్పత్రి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నిలిచింది. తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయినది ఆయనే. కీమో, రేడియేషన్ పథకం కింద దొరికినా దారి ఖర్చు, ఆరు వారాల బస, తోడు వచ్చినవారి భోజనం, పోయిన కూలి ఎవరిస్తారు? తోపుడుబండి ఒక రోజు కదలకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్ళే ఒకరికీ రైలు టిక్కెట్టులో రాయితీ ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపితే అది దొరుకుతుంది.

మూడోది భయం. కీమో పడితే మనిషి మిగలడన్న మాట వీధిలో తిరుగుతుంది. జుట్టు రాలడం, వాంతులు, నీరసం నిజమే. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. చికిత్స ముగిశాక జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. నిజంగా భయపడాల్సినది జ్వరానికి. కీమో ఇచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్ళాలి. ఇంట్లో జ్వరం బిళ్ళ వేసి తెల్లవారే దాకా చూడకూడదు. అందుకే మేమిప్పుడు ప్రతి రోగికీ ఒక థర్మామీటరు ఇస్తున్నాం.

నాలుగోది ధర్మసందేహాలు. వీటిని ఎవరూ పైకి అడగరు. రేడియేషన్‌కు ముందు చర్మం మీద చిన్న చుక్కలు పెడతారు. కొన్నిచోట్ల అవి చెరగనివి. పచ్చబొట్టు మనకు నిషిద్ధం కదా అని ఒక ముసలమ్మ రెండు వారాలు వెళ్ళలేదు. అది అలంకారం కోసం పెట్టేది కాదని, కిరణాలు రోజూ ఒకే చోట పడటానికి పెట్టే గుర్తని, వైద్యావసరానికి దోషం లేదని ఇమాం సాబు ఇంటికి వెళ్ళి చెప్పాక ఆమె వెళ్ళింది. రమజాన్ సంగతీ అంతే. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలోనే ఉంది. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఖజా తీర్చుకోవచ్చు, లేనివారు ఫిద్యా ఇవ్వవచ్చు. కీమో తీసుకుంటూ నీళ్ళు మానేయడం ప్రమాదం. ఇది చెప్పడానికి డాక్టర్‌తో పాటు మన ఆలిములు కూడా ముందుకు రావాలి.

ఐదోది, ఎవరో ఇచ్చిన పసరు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు కూడా దించాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. దువాకూ దవాకూ తగవు లేదు. దువా చేస్తూనే దవా తీసుకోవాలి. పసరు తాగేవారు ఆ సంగతి డాక్టరుకు దాచకూడదు. కొన్ని ఆకు మందులు కీమోతో కలిస్తే కాలేయానికి చేటు చేస్తాయి.

మేము మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు మా రిజిస్టరులో ప్రతి క్యాన్సర్ రోగి పేరు పక్కన రెండు తేదీలు రాస్తున్నాం. ఒకటి ఆపరేషన్ తేదీ. రెండోది దానికి ఆరు వారాల తర్వాతి తేదీ, ఎర్ర సిరాతో. రెండో తేదీ పక్కన "మొదలైంది" అని గాని, "అవసరం లేదని డాక్టర్ చెప్పారు" అని గాని రాసేదాకా ఆ ఫైలు మూయం.

ప్రతి రోగికీ ఒక సాథీని నియమిస్తున్నాం. సోదరీమణులకు సోదరీమణులే. సాథీ డాక్టర్ కానక్కరలేదు, చదవడం వస్తే చాలు. ఆస్పత్రి నుంచి వచ్చే రోజునే ఈ ఐదు ప్రశ్నలు అడిగి, జవాబులు తెలుగులో రాసుకుని రావాలి.

1. బయాప్సీ రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఎక్కడ తీసుకోవాలి?

2. తర్వాత ఏ డాక్టరును, ఏ తేదీన కలవాలి?

3. కీమో, రేడియేషన్, మాత్రలు, వీటిలో ఏది పడవచ్చు? ఎన్నాళ్ళు?

4. దానికి ముందు ఏ పరీక్షలు కావాలి? చేతికి గాని, నోటికి గాని ఏ వ్యాయామం చేయాలి?

5. ఇంటి దగ్గర ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి?

నాలుగో ప్రశ్నలోని వ్యాయామం చిన్న విషయం కాదు. రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి తల పైకి లేవకపోతే రేడియేషన్ యంత్రం కింద సరిగ్గా పడుకోవడమే కష్టమవుతుంది.

ఆపరేషన్‌కు సాయం మంజూరు చేసే రోజునే తర్వాతి చికిత్సకు కొంత సొమ్ము విడిగా కేటాయిస్తున్నాం. ఆ మాట రోగికి ఆ రోజే చెబుతున్నాం. "ఇది మీ కోసం పక్కన పెట్టాం, అడగడానికి మొహమాటపడకండి" అన్న ఒక్క మాటతో వారి ముఖం మారడం చూస్తున్నాం.

దాతలకు మా మనవి

మన జకాత్‌లో ఎక్కువ భాగం రమజాన్‌లో వస్తుంది. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారి వచ్చేది కాబట్టి దానికి అది సరిపోతుంది. కీమో మాత్రం నెలల తరబడి సాగుతుంది. ట్రాస్టుజుమాబ్ ఏడాది పడుతుంది. మాత్రలు ఐదేళ్ళు నడుస్తాయి. సఫర్ నెలలో కీమో రోజు వస్తే షాబాన్ దాకా ఆగమని జబ్బుకు చెప్పలేం. అందుకని కొందరు దాతలైనా తమ సదఖాను నెలనెలా ఇచ్చే పద్ధతికి మార్చాలని కోరుతున్నాం. చిన్న మొత్తమైనా ఫర్వాలేదు, తప్పకుండా రావడం ముఖ్యం. జకాత్ సొమ్మును దారి ఖర్చుకు, బసకు, అప్పు తీర్చడానికి ఏ షరతులతో వాడవచ్చో స్థానిక ఆలిములను అడిగి, వారు చెప్పినట్టే ఖర్చు చేస్తున్నాం. మిగిలిన వాటికి సదఖా వాడుతున్నాం.

డబ్బు ఇవ్వలేనివారూ ఇవ్వగలిగినవి ఉన్నాయి. కీమో రోజున ఆ ఇంటి పిల్లలకు ఒక పూట భోజనం పెట్టవచ్చు. రేడియేషన్ జరిగే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఒక గది ఇప్పించవచ్చు. ఇంగ్లీషు వచ్చిన పిల్లలుంటే ఒక డిశ్చార్జి కాగితం చివరిదాకా చదివి చెప్పమనవచ్చు. మేము చేయని పని అదే.

ఆ సోదరి ఇప్పుడు చికిత్సలో ఉంది. మూడు వారాలకోసారి రాత్రి రైలెక్కి వెళ్ళి వస్తోంది. పక్కన సాథీ ఉంటుంది. ఓపిక ఉన్న రోజుల్లో మిషన్ తొక్కుతోంది. మొన్న కలిసినప్పుడు మా రిజిస్టరు అడిగి తీసుకుంది. తన తర్వాత చేరిన వారి పేర్ల పక్కన ఎర్ర సిరా తేదీలు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, ఇది మొదలైందా, ఇది మొదలైందా అని అడిగింది. ఒక తేదీ దగ్గర మేము తడబడ్డాం. ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళాం.

మీ ఊళ్ళో, మీ వీధిలో, మీ బంధువుల్లో ఇటీవల క్యాన్సర్ ఆపరేషన్ అయినవారు ఉంటే ఈ సంచిక మూసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. ఎలా ఉన్నారని అడిగాక, తర్వాతి చికిత్స ఎప్పుడని కూడా అడగండి. జవాబు స్పష్టంగా రాకపోతే మాకు చెప్పండి.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. మా లోపాలను మన్నించి, సరిదిద్దుకునే శక్తిని ఇచ్చుగాక. ఆమీన్.